పదమూడు వారాలు గెలిచిన మనిషిని ఓడించకుండానే ఎందుకు పంపారు?

మన కేబుల్ చానల్ యాజమాన్యానికి, శనివారం రాత్రి క్విజ్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. శాఖా గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన వాణ్ణి. వశిష్ఠ గోదావరికి ఇటు నరసాపురం వైపు, అటు సఖినేటిపల్లి వైపు మీ క్విజ్ చూసేవాళ్లలో కొందరి తరఫున ఇది రాస్తున్నాను. ఇదే విషయం మీద మీకు రెండు రిజిస్టర్డ్ ఉత్తరాలు పంపాం. అందినట్టు సంతకాలతో కార్డులు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. తర్వాత ముగ్గురం కలిసి మీ కార్యాలయానికే వచ్చాం. మేనేజరు గారు భోజనానికి వెళ్లారన్నారు. సాయంత్రం నాలుగున్నర దాకా బెంచీ మీద కూర్చున్నాం. అంత తీరుబడిగా భోంచేయగలిగిన అదృష్టవంతుడి మీద మాకు కోపం లేదు. కానీ ఇక ఈ మాట నలుగురి ఎదుటా అడగక తప్పడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాం. పెద్ద చానళ్లు చేయని పని మీరు చేశారు. 2000 జూలైలో హిందీలో కౌన్ బనేగా కరోడ్‌పతి వచ్చింది, 2014లో తెలుగులో మీలో ఎవరు కోటీశ్వరుడు వచ్చింది. వాటిలో హాట్ సీటు ఎక్కిన మనిషి లక్ష గెలిచినా కోటి గెలిచినా, సీటు దిగితే ఆట సరి. మీరు మాత్రం గెలిచినవాళ్లు మళ్లీ వారం వచ్చి కొత్తవాళ్లతో తలపడాలన్నారు. ఓడేదాకా ఆడవచ్చన్నారు. మొదటి వారం మీ యాంకరు నోటి వెంట వచ్చిన మాట ఇది: "ఓడించేదాకా విజేత విజేతే." ఈ ఒక్క మాటకే మేము కట్టుబడి చూశాం.

ఇప్పుడు జరిగింది చెబుతాను.

అటు ఒడ్డున ఒక ఊళ్లో లేసు అల్లే ఆవిడ మీ కార్యక్రమానికి వచ్చింది. పేరు రాయవద్దని అడిగింది కాబట్టి రాయడం లేదు. చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. కూతురు పోటీ పరీక్షలకు గట్టిగా పైకి చదువుకుంటుంటే, పక్కన కూర్చుని అల్లుతూ నాలుగేళ్లు విన్నదే ఆవిడ చదువు. అల్లికకు చేతులూ కళ్లూ కావాలి, చెవులు ఖాళీగానే ఉంటాయి కదా అంటుంది. మూడో వారమో నాలుగో వారమో, ధవళేశ్వరం ఆనకట్ట పని ఏ సంవత్సరం మొదలైందని అడిగారు మీరు. పక్కన కూర్చున్న పట్టభద్రుడు తడుముకోకుండా 1852 అన్నాడు. ఆవిడ బజరు నొక్కి, "అది పూర్తయిన ఏడాదండీ. మొదలైంది 1847" అంది. ఆ రాత్రి కెమెరా దగ్గరగా వెళ్లినప్పుడు బజరు మీద ఉన్న చూపుడు వేలు చూశాను. సూది రాపిడికి కొసన చర్మం గట్టిపడి, కాస్త నల్లబడి ఉంది.

పదమూడు వారాలు గెలిచింది. వారానికి మూడు వేల రూపాయలు, స్పాన్సర్ ఇచ్చే స్టీలు బిందె ఒకటి. పదమూడు బిందెలు పెట్టడానికి ఇంట్లో చోటు లేక రెండు పక్కింటివాళ్లకు ఇచ్చిందట.

పద్నాలుగో వారం పంటు మీద గోదావరి దాటి స్టూడియోకు వచ్చింది. ఎదురుగా ఇద్దరు పోటీదారులు కూర్చున్నారు. లైట్లు వెలిగాయి. మీ యాంకరు చిరునవ్వుతో, ఈ వారం నుంచి ఎవరైనా ఐదు వారాలే ఆడాలని, కొత్తవాళ్లకు అవకాశం ఇవ్వాలని నిర్ణయించామని ప్రకటించాడు. శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టించాడు. శాలువా కప్పే సమయానికి ఆవిడ వేలు ఇంకా బజరు మీదే ఉంది. ఏమి జరుగుతోందో అర్థం కాక ఒకసారి నొక్కింది కూడా. ఆ చప్పుడు మేమందరం విన్నాం. ఐదు వారాల నియమం పదమూడు వారాలు ఆడిన మనిషికి పెట్టారంటే, ఎనిమిది వారాల కిందటే వెళ్లిపోవలసిన మనిషిని ఇన్నాళ్లూ పొరపాటున ఆడించారని అనుకోవాలా?

విజేతకు హద్దు ఉండాలా వద్దా అన్న వాదం మాకు కొత్త కాదు. గ్రంథాలయం అరుగు మీద, పంటు మీద, క్షౌరశాలలో ఆవిడ ఏడో విజయం నుంచీ నడుస్తోంది. నిజం చెప్పాలంటే హద్దు ఉండాలన్న జట్టులో మొదట ఉన్నది నేనే. వారం వారం అదే ముఖమైతే కొత్తవాళ్లు దరఖాస్తు పెట్టడానికే భయపడతారని నా వాదన. ఎల్ఐసీలో పనిచేసి రిటైరైన మా మిత్రుడు ఇంకో సంగతి చెప్పాడు. ఆవిడకు పదమూడు వారాలుగా బజరు అలవాటైంది, ఎదుటివాడు మొదటిసారి పట్టుకుంటాడు, ఇదెక్కడి సమానమైన పోటీ అని. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పంటు మీద టికెట్లు కోసే కుర్రవాడు మాత్రం మా ఇద్దరినీ ఒక్క మాటతో కూర్చోబెట్టాడు. "ఆవిడ ఎప్పుడు ఓడిపోతుందా అనే కదండీ నేను చూస్తున్నాను. ఓడిపోకుండా వెళ్లిపోతే ఇన్ని వారాలూ నేను దేనికి చూసినట్టు?"

ఈ తగువు మనకంటే ముందు అమెరికాలో తీరింది. అక్కడ జెపర్డీ అనే క్విజ్ 1964లో మొదలైంది. ఇప్పుడు నడుస్తున్న రూపంలో 1984 నుంచి వస్తోంది. అందులోనూ గెలిచినవాళ్లు మళ్లీ ఆడతారు. చాలా ఏళ్లు వాళ్లకూ ఐదు ఆటల హద్దు ఉండేది. ఐదూ గెలిస్తే ఓడని విజేతగా గౌరవంగా పంపేవారు. ఆ హద్దును 2003లో కొత్త సీజన్ మొదలవుతున్నప్పుడు తీసేశారు. మీరు గమనించవలసిన సంగతి ఇదే. తీసేసింది సీజన్ మొదట్లో. ఎవరో ఒకరి గెలుపు మధ్యలో ఉండగా నియమం మార్చలేదు. మరుసటి ఏడాది కెన్ జెన్నింగ్స్ అనే ఆయన వరుసగా 74 ఆటలు గెలిచి 25,20,700 డాలర్లు సంపాదించాడు. అప్పుడు అక్కడి అభిమానులు కూడా మనలాగే రెండు జట్లుగా చీలిపోయారు. ఇదే ముఖం ఎన్నాళ్లని ఒకరు, కొండను ఎవరు కదిలిస్తారో చూద్దామని ఒకరు. నిర్వాహకులు మాత్రం శాలువా తీయలేదు. ఎదురుచూశారు.

2004 నవంబరు 30న ఆ రోజు వచ్చింది. ఒక సంస్థలో 70,000 మంది తాత్కాలిక ఉద్యోగుల్లో ఎక్కువమంది ఏడాదికి నాలుగు నెలలే పనిచేస్తారు, ఏ సంస్థ అన్నది ఆఖరి ప్రశ్న. జెన్నింగ్స్ కొరియర్ కంపెనీ పేరు రాశాడు. జవాబు ఆదాయపు పన్ను లెక్కలు వేసిపెట్టే కంపెనీ. ఎదురు ఆడుతున్న నాన్సీ జెర్గ్ అనే ఆవిడ సరిగ్గా రాసి ఆయన్ను ఓడించింది. మర్నాటి ఆటలోనే ఆమె ఓడిపోయింది. గెలిచింది ఒక్కటంటే ఒక్క ఆట. అయినా ఇరవై ఏళ్లు దాటినా ఆ పేరు మన అరుగు మీద దాకా వచ్చింది.

ఇలాంటి రోజొకటి నేను కళ్లారా చూశాను. 2022లో అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. జనవరి 26, మన గణతంత్ర దినోత్సవం. ఎమీ షనైడర్ అనే ఆవిడ అప్పటికి 40 ఆటలు వరుసగా గెలిచి ఉంది. ఆఖరి ప్రశ్న: ఇంగ్లీషు పేరు హెచ్ అక్షరంతో ముగిసే దేశం ప్రపంచంలో ఇదొక్కటే, జనాభాలో మొదటి పది దేశాల్లో కూడా ఒకటి. నేను సోఫాలోంచి లేచి "బంగ్లాదేశ్" అని అరిచాను. మనవరాలు ఉలిక్కిపడింది. ఎమీ షనైడర్‌కు జవాబు తట్టలేదు. సరిగ్గా రాసి ఆమెను ఓడించింది షికాగోకు చెందిన రోన్ టాల్స్మా అనే గ్రంథపాలకుడు. అంతకు రెండున్నరేళ్ల ముందు, 32 ఆటలు గెలిచిన జేమ్స్ హోల్జ్‌హవర్‌ను ఓడించిన ఎమ్మా బెట్చర్ కూడా షికాగో గ్రంథపాలకురాలే. వృత్తి మీద అభిమానంతో చెబుతున్నాననుకున్నా ఫరవాలేదు. కొండలను కదిలించింది మా పుస్తకాల బీరువాల దగ్గరివాళ్లే. మీ నియమం ఉండి ఉంటే వాళ్లెవరూ ఆ కొండ ముఖం కూడా చూసేవాళ్లు కారు.

ఆ రాత్రితో నేను జట్టు మారలేదు. హద్దు పెట్టుకోవడం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ముందే చెప్పిన హద్దు నియమం. మధ్యలో దింపిన హద్దు ఒక మనిషిని ఉద్దేశించి తీసుకున్న చర్య. మీరు చేసింది రెండోది. దాని ఫలితాలు ఎవరి మీద పడ్డాయో వినండి.

1. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆవిడ పరువు మీద పడింది. మూడు వేలూ బిందే పోయినందుకు కాదు, వాటి మాట ఆవిడ ఎత్తనే లేదు. మీరు కారణం చెప్పలేదు కనుక జనమే తలా ఒక కారణం చెప్పుకుంటున్నారు. "ప్రశ్నలు ముందే అందాయట, పట్టుకున్నారట, గొడవ కాకుండా శాలువా కప్పి పంపేశారట." పంటు మీద ఆవిడ వింటుండగానే ఇద్దరు ఈ మాట అనుకున్నారు. సఖినేటిపల్లి రేవులో దిగేదాకా ఆవిడ తల ఎత్తలేదట. ఆ రోజు పక్కన ఉన్నది మా అరుగు సభ్యుడి భార్య కనుక మాకు తెలిసింది. ఇలాంటి అనుమానం క్విజ్‌లకు కొత్త కూడా కాదు. అమెరికాలో 1956, 57 ప్రాంతంలో ట్వంటీ వన్ అనే క్విజ్‌లో చార్లెస్ వాన్ డోరెన్ అనే కళాశాల అధ్యాపకుడు 1,29,000 డాలర్లు గెలిచి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. అతనికి ముందు గెలుస్తూ వచ్చిన హెర్బ్ స్టెంపెల్‌ను తప్పు జవాబు చెప్పి ఓడిపొమ్మని నిర్వాహకులే పురమాయించారు. ప్రశ్నలూ జవాబులూ తనకు ముందే ఇచ్చారని 1959 నవంబరులో వాన్ డోరెన్ అక్కడి చట్టసభ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది క్విజ్ ఫలితాన్ని ముందే కుదర్చడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. మీరు అలాంటిదేదో చేశారని మేము అనడం లేదు, ఆ ఆలోచనే మాకు లేదు. కానీ ఎవరు గెలవాలో, ఎవరు ఇక చాలో తెర వెనక నిర్ణయిస్తున్నారన్న ఊహ ఒకసారి జనంలో పుడితే, నిజాయితీగా గెలిచినవాళ్ల మీద కూడా ఆ మసి అంటుకుంటుంది. ఆవిడకు అంటుకుంది. తుడవవలసింది మీరే.

2. ఎదురు కూర్చున్న కుర్రవాడి సంగతి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు, లంక గ్రామం. ఆవిడను ఓడించాలనే రెండు నెలలు మా గ్రంథాలయంలో కూర్చుని చదివాడు. ఆవిడ తడబడేది క్రీడల ప్రశ్నల దగ్గరని కనిపెట్టి, ఒలింపిక్స్ చరిత్ర మొత్తం నోట్సు రాసుకున్నాడు. ఆ వారం అతనే గెలిచాడు. ఎవరిని ఓడించి గెలిచావంటే ఏమి చెబుతాడు? ఊళ్లో అతన్ని "శాలువా విజేత" అని ఏడిపిస్తున్నారు. నాన్సీ జెర్గ్‌కు దక్కింది ఈ కుర్రవాడికి దక్కకుండా చేశారు.

3. కొందరు పందేలు కాశారని విన్నాం. సంక్రాంతికి కోడి మీద కాసే చేతులు మిగతా ఏడాది ఊరుకోవు కదా. ఆవిడ పదిహేను దాటుతుందా లేదా అని పాలకొల్లు దాకా డబ్బు తిరిగిందంటున్నారు. మీరు ఉన్నట్టుండి ఆట ఆపడానికి ఇదే కారణమైతే ఆ మాట బయటికి చెప్పండి. మేమే మిమ్మల్ని సమర్థిస్తాం. చెప్పకపోతే, పద్నాలుగు దగ్గర ఆపించిన వాడెవడు, లాభపడిన వాడెవడు అని అడిగేవాళ్లు బయలుదేరతారు. ఇప్పటికే బయలుదేరారు.

4. గ్రంథాలయానికి సాయంత్రాలు పిల్లలు వస్తుండేవారు, "లేసు ఆంటీ ఏ పుస్తకం చదువుతుందండీ" అని అడిగేవారు. ఇప్పుడు రావడం తగ్గింది.

5. మరో మాట. ఆవిడను చూసి దరఖాస్తు పెట్టినవాళ్లలో అల్లికలు చేసేవాళ్లు, కొబ్బరి పీచు పనికి వెళ్లేవాళ్లు, రొయ్యల చెరువు దగ్గర లెక్కలు రాసే ఒక ఆయన ఉన్నారు. నాకు తెలిసినంతలో నలుగురు. ఇంతకుముందు క్విజ్ అంటే కోచింగ్ సెంటరు పిల్లలదే అనుకునేవాళ్లు వీళ్లంతా. బాగా ఆడితే శాలువా కప్పి దింపేస్తారని తెలిశాక అందులో ఇద్దరు దరఖాస్తులు వెనక్కి అడుగుతున్నారు. కొత్తవాళ్లకు అవకాశం కోసమే చేశామన్నారు. కొత్తవాళ్లే వెనక్కి పోతున్నారు.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి.

1. నియమం ఎందుకు మార్చారో, ఎవరు ఎప్పుడు నిర్ణయించారో కార్యక్రమం మొదట్లోనే తెర మీద చెప్పండి. ఆవిడ మీద ఏ ఆరోపణా లేదన్న మాట స్పష్టంగా, ఆవిడ పేరుతో చెప్పండి. ఒక్క వాక్యం చాలు. మిగతా కోరికలు తీరినా తీరకపోయినా ఇది మాత్రం తీరాలి.

2. ఆగిపోయిన పద్నాలుగో ఆట ఆడించండి. అదే కుర్రవాడితో, మరో పోటీదారుతో. ఆవిడ ఓడితే వెళ్లిపోతుంది, ఆ మాట ఆవిడే మాతో అంది. గెలిస్తే ఆ సీజన్ అయ్యేదాకా పాత నియమమే నడవాలి. ఆ కుర్రవాడు కూడా దీనికి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, ఆ ఒలింపిక్స్ నోట్సు ఇంకా సంచీలోనే మోస్తున్నాడు.

3. వచ్చే సీజన్‌కు ఐదు వారాల హద్దు పెట్టుకుంటామంటే పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. దరఖాస్తు ఫారం మీదే అచ్చు వేయండి. ఐదు గెలిచినవాళ్లందరినీ సీజన్ చివర మళ్లీ పిలిచి వాళ్లలో వాళ్లకు పోటీ పెట్టండి. జెపర్డీలో ఇలాంటి విజేతల పోటీ ఎప్పటినుంచో ఉంది.

4. మా ఎల్ఐసీ మిత్రుడి అభ్యంతరానికి కూడా మందు చెప్పాలి. జెపర్డీలో ప్రశ్న చదవడం పూర్తయ్యాకే బజరు పనిచేస్తుంది. తొందరపడి ముందే నొక్కినవాళ్లకు పావు సెకను పాటు అది పలకదు. అందుకే అక్కడ చెయ్యి కుదరడం కూడా ఆటలో భాగమే. మీ బజరు ఎలా పనిచేస్తుందో పోటీదారులకు ఎవరూ చెప్పడం లేదు. ఆవిడకే నాలుగో వారానికి గానీ తెలియలేదట. కొత్తగా వచ్చేవాళ్లకు రికార్డింగుకు ముందు అరగంట బజరు ఇచ్చి సాధన చేయించండి. పాతవాళ్లను పంపేయడం కన్నా కొత్తవాళ్లను సిద్ధం చేయడం చవక.

5. జవాబు మీద అభ్యంతరం వస్తే చూసేందుకు చానల్‌తో సంబంధం లేని ఇద్దరిని పెట్టండి. ఇద్దరు రిటైర్డ్ ఉపాధ్యాయులు చాలు, మన ప్రాంతంలో వాళ్లకు కరువు లేదు. ప్రతి ప్రశ్నకూ జవాబు ఏ పుస్తకంలో చూసి రాశారో కాగితం మీద ఉంచండి. తొమ్మిదో వారం అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే పాయ వైనతేయ అని మీ యాంకరు చదివిన సంగతి మేము మరిచిపోలేదు. వశిష్ఠ ఒడ్డున స్టూడియో పెట్టుకుని వశిష్ఠనే తప్పు చెప్పారు.

6. రికార్డింగు చివరి పంటు వెళ్లేలోగా ముగించండి. ఆవిడ రెండుసార్లు రాత్రంతా నరసాపురం బస్టాండులో, స్టీలు బిందె పక్కన పెట్టుకుని కూర్చుంది.

ఈ ఉత్తరం మీకు అందిన పదిహేను రోజుల్లోగా జవాబు ఇవ్వండి. రాతపూర్వకంగా ఇస్తే మంచిది, లేదా శనివారం రాత్రి తెర మీద చెప్పినా చాలు, మేము చూస్తూనే ఉంటాం. కేబుల్ తీసేయించుకుంటామని బెదిరించడం లేదు. పదహారో రోజున మీ కార్యాలయానికి మళ్లీ వస్తాం. ఈసారి ముగ్గురం కాదు, ఇప్పటికే ముప్పై నలుగురు సంతకాలు పెట్టారు. మేనేజరు గారు ఆ రోజు భోజనం కాస్త ముందుగా ముగించుకుంటే ఉభయులకూ మంచిది.

ఇట్లు,
శాఖా గ్రంథాలయం అరుగు మీది క్విజ్ అభిమానుల తరఫున
ఒక రిటైర్డ్ గ్రంథపాలకుడు
నరసాపురం